195 కిలోల బండి, నడక వేగం

మణికొండలోనో కూకట్‌పల్లిలోనో ఏదో ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉదయం తొమ్మిదింటికి కాసేపు నిలబడితే చాలు. సెల్లార్‌లోంచి కొత్త బుల్లెట్ ఒకటి దబదబమంటూ ర్యాంపు ఎక్కుతుంది. పైకి వచ్చేదాకా అంతా సవ్యమే. గేటు దాటి కుడికి తిరగబోయేసరికి ఎదురుగా ఆటో. నడిపేవాడు యాక్సిలరేటర్ వదిలేసి రెండు చేతుల లివర్లూ ఒక్కసారే బిగించేస్తాడు. హ్యాండిల్ అప్పటికే కుడికి తిరిగి ఉంది. ముందు ఫోర్కులు కుంగుతాయి, బండి కుడి పక్కకి ఒరుగుతుంది. ఆపుకోవాలని కుడికాలు చాపుతాడు. అక్కడ ఇంకా ర్యాంపు వాలే. నేల అనుకున్నదాని కన్నా నాలుగు వేళ్లు కిందికి ఉంటుంది. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచేలోపు లెగ్ గార్డ్ సిమెంటుకు తగిలిన చప్పుడు వినిపిస్తుంది.

ఆ క్షణంలో బండి వేగం గంటకు ఐదు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇలాంటి పడటాలు ఏ పోలీసు లెక్కల్లోకీ ఎక్కవు. ఇండికేటర్ పగులుతుంది, బ్రేక్ లివర్ వంగుతుంది, కాలనీవాళ్ల ముందు పరువు పోతుంది, అంతే. అదే పొరపాటు పంజాగుట్టలో ఆర్టీసీ బస్సు ముందు జరిగితే మాత్రం పోయేది పరువొక్కటే కాదు. అందుకే దీన్ని ‘కొత్త కదా, అలవాటవుతుందిలే’ అని వదిలేయడం సరికాదు. అలవాటే ఇక్కడ అసలు చిక్కు. స్కూటర్ మీదా, వంద సీసీ బండి మీదా ఏళ్ల తరబడి చేతులకూ కాళ్లకూ పట్టిన అలవాట్లే బరువైన బండిని పడేస్తాయి.

ముందు బరువు సంగతి. స్ప్లెండర్ సుమారు 112 కిలోలు. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 అయితే 195, అదే కంపెనీ సూపర్ మీటియర్ 650 అయితే 241. స్టాండు తీసి నిటారుగా పట్టుకున్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే బరువంతా టైర్లే మోస్తాయి. ఒరిగినప్పుడే తెలుస్తుంది. 195 కిలోల బండి బరువంతా నేల నుంచి అర మీటరు ఎత్తులో ఒక చోట ఉందనుకుని, దాన్ని మీటరు ఎత్తులో హ్యాండిల్ దగ్గర పట్టి ఆపుతున్నామనుకుందాం. ఐదు డిగ్రీలు ఒరిగితే చేతి మీద పడేది దాదాపు ఎనిమిదిన్నర కిలోల భారం. పదిహేను డిగ్రీలకు 25 కిలోలు. ముప్పై డిగ్రీలకు 49. ఇది ఖాళీ బండి లెక్క. మీద మనిషి కూర్చుని ఉంటే ఇంకా పెరుగుతుంది. ఐదు డిగ్రీల దగ్గర పిల్లవాడైనా ఆపగలడు, ముప్పై దగ్గర పహిల్వాన్ కూడా వదిలేస్తాడు. ఆ మధ్య దూరాన్ని బండి ఒక్క క్షణంలో దాటేస్తుంది. స్ప్లెండర్ మీద ఇవే అంకెలు సగానికి కాస్త పైన ఉంటాయి కాబట్టి కాలితో ఆపడం ఎప్పుడూ పనిచేస్తూ వచ్చింది. కాలు పెడితే ఆగుతుందన్న నమ్మకం అక్కడ పుట్టిందే.

ఇక బండి అసలు ఎందుకు నిలబడుతుందన్న ప్రశ్న. చక్రాలు గిరగిరా తిరగడం వల్లే నిలబడుతుందని చిన్నప్పటి నుంచీ వింటాం. అందులో నిజం కొంతే. ఆ ప్రభావాన్ని పూర్తిగా రద్దు చేసి తయారుచేసిన సైకిల్ కూడా తనంతట తాను నిలబడి పోగలదని కార్నెల్, డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2011లో చూపించారు. నడిపేవాడికి కావలసిన విషయం ఇంతకన్నా చిన్నది. బండి ఎటు ఒరుగుతుంటే ముందు చక్రం అటు తిరగాలి, అప్పుడు టైర్లు బరువు కిందికి వచ్చి చేరతాయి. వేగం ఉన్నప్పుడు ఈ పని చాలావరకు బండే చూసుకుంటుంది. హ్యాండిల్ వెంట్రుకవాసి కదిలినా చాలు. వేగం గంటకు ఇరవై కిలోమీటర్ల కిందికి వచ్చేకొద్దీ ఆ పని మన చేతికి మారుతుంది. నడక వేగంలోనైతే హ్యాండిల్‌ని బాగా, పదేపదే కదపాల్సి వస్తుంది. చేతులు బిగబట్టుకుని కూర్చున్నవాళ్లు ఈ పని చేయలేరు. మోచేతులు వదులుగా ఉంచమని చెప్పేది అందుకే.

తిరిగేటప్పుడు ఇంకో సంగతి కలుస్తుంది. మూడు మీటర్ల వ్యాసార్ధంతో మలుపు తీసుకునే బండి గంటకు 6 కిలోమీటర్ల దగ్గర ఐదు డిగ్రీలు వాలితే చాలు. 10 దగ్గర పదిహేను, 15 దగ్గర ముప్పై డిగ్రీలు వాలాలి. అంటే ప్రతి వేగానికీ దానికి తగ్గ వాలు ఒకటుంది. 10 కిలోమీటర్ల వేగానికి సరిపడా వాలిన బండికి మధ్యలో ఇంజిన్ లాగుడు ఆపేస్తే ఏమవుతుంది? వేగం ఐదుకు పడిపోతుంది, వాలు మాత్రం పదిహేను దగ్గరే ఉండిపోతుంది. ఆ మిగులు వాలే పడటం. దాన్ని సరిచేసే మందు కొద్దిగా లాగుడు పెంచడం. భయపడ్డ మనిషి సరిగ్గా దానికి ఎదురుగా చేస్తాడు.

భయంలో చేయి చేసే పనిని కాస్త దగ్గరగా చూడాలి. నగరంలో చాలామంది నేర్చుకునేది యాక్టివా లాంటి స్కూటర్ మీద. దానికి ఎడమ చేతి లివర్ బ్రేకు, కుడి చేతి లివర్ కూడా బ్రేకే. కంగారులో రెండూ నొక్కితే స్కూటర్ ఆగుతుంది, రెండు కాళ్లూ ఖాళీగానే ఉంటాయి కాబట్టి నేల మీద పెట్టేయొచ్చు. అందుకే చాలామంది ట్రాఫిక్‌లో రెండు కాళ్లూ వేలాడేసుకునే నడుపుతుంటారు. అదే మనిషి బుల్లెట్ ఎక్కాడనుకోండి. ఎడమ చేతి లివర్ ఇప్పుడు క్లచ్. కంగారులో రెండూ నొక్కితే ఒక చేయి ఇంజిన్ లాగుడు తెంపేస్తుంది, రెండో చేయి ముందు చక్రాన్ని పట్టేస్తుంది. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పడితే ఫోర్కులు కుంగి, ఉన్న కాస్త వేగమూ పోయి, బండి తిరిగిన వైపుకే కూలబడుతుంది. ఏబీఎస్ ఇక్కడ అక్కరకు రాదు. అది జారుతున్న చక్రాన్ని వదలడానికి పెట్టింది, ఒరుగుతున్న బండిని నిలబెట్టడానికి కాదు. పైగా నడక వేగంలో అది మామూలుగా పనిలోకే దిగదు. గేటు దగ్గర కనిపించిన పడటం మొత్తం ఈ రెండు లివర్ల కథే.

కాబట్టి నేర్చుకోవాల్సింది నిదానంగా ఉన్నప్పుడు కూడా ఇంజిన్ లాగుతూనే ఉండేలా చూడటం. దీనికున్న సాధనం హాఫ్ క్లచ్, అంటే క్లచ్ లివర్‌ని పూర్తిగా వదలకుండా మధ్యలో పట్టి ఉంచడం. ఇక్కడే మెకానిక్ షెడ్డు అడ్డొస్తుంది. ‘అన్నా, హాఫ్ క్లచ్ మీద నడపకు, ప్లేట్లు కాలిపోతయ్’ అన్న మాట వినని బుల్లెట్ ఓనరు ఉండడు. ఆ మాట తప్పు కాదు. రోజూ బండ్లు విప్పేవాళ్లు కాలిన ప్లేట్లు చూసే చెబుతారు. అయితే అవి కాలేది ఎక్కడ? వెనక మనిషిని కూర్చోబెట్టుకుని, జూబ్లీహిల్స్ ఎత్తులో రేస్ ఇస్తూ, సగం క్లచ్ మీద బండిని ఆపి ఉంచినప్పుడు. లేదా ముప్పై నలభై వేగంలో కూడా నాలుగు వేళ్లూ క్లచ్ మీదే ఆనించి నడిపేవాళ్ల దగ్గర. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి, రాపిడి వేడిని ఆయిల్ లాగేస్తుంది. ఐడ్లింగ్‌కి కాస్త పైన రేస్ ఉంచి, నడక వేగంలో కొన్ని సెకన్లు జారనిస్తే పుట్టే వేడి కొంచెమే. మొదటి గేర్‌లో క్లచ్ పూర్తిగా వదిలేస్తే బండి ఐడ్లింగ్‌లోనే మనిషి నడక కన్నా వేగంగా పోతుంది. అంతకన్నా నెమ్మదిగా పోవాలంటే క్లచ్ జారక తప్పదు. ఒక వాడకానికి సరిపోయే హెచ్చరికను అన్ని వాడకాలకూ అంటగట్టడం వల్ల చాలామంది ఈ నేర్పుకి దూరమైపోయారు.

క్లచ్ పట్టుకునే చోటు, అంటే లివర్ వదులుతుంటే ఇంజిన్ లాగుడు చక్రానికి అందడం మొదలయ్యే చోటు, లివర్ చివర మహా అయితే ఒక వేలి వెడల్పు ఉంటుంది. దాన్ని కనుక్కోవడానికి బండి నడపనక్కర్లేదు. చదును నేల మీద ఇంజిన్ ఆన్ చేసి, మొదటి గేరు వేసి, రెండు కాళ్లూ నేల మీద ఉంచి, లివర్‌ని మెల్లగా వదలాలి. ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కి బండి ముందుకి మొగ్గు చూపుతుంది. అదే ఆ చోటు. అక్కడి నుంచి ఒక అంగుళం లోపలికి లాగితే బండి మళ్లీ వెనక్కి సడలుతుంది. ఉయ్యాల ఊపినట్టు యాభై సార్లు ఇలా చేస్తే చెయ్యి ఆ చోటుని గుర్తుపెట్టుకుంటుంది. క్లచ్ కేబుల్ మరీ వదులుగా ఉన్నా, మరీ బిగుతుగా ఉన్నా ఆ చోటు చేతికి అందని మూలకు పోతుంది. నేర్చుకునే ముందు దాన్ని సరిచేయించుకోవడం పది నిమిషాల పని.

ఈ విషయంలో బుల్లెట్ నిజానికి మంచి గురువు. 349 సీసీ సింగిల్ సిలిండర్. 27 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఇంజిన్ నిమిషానికి 4000 చుట్లు తిరిగేసరికే అందుతుంది. లోపల ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, ఫ్లైవీల్, ఉండటం వల్ల చేతి తప్పుల్ని కొంత మింగేస్తుంది, తొందరగా ఆగిపోదు. దీనికన్నా చాలా తేలికైన కేటీఎమ్ 390 డ్యూక్ సిగ్నళ్ల దగ్గర దీనికన్నా ఎక్కువ చిరాకు పెడుతుంది. నెమ్మది కష్టానికి బరువొక్కటే కారణమని అనుకోవడం తొందరపాటే.

హాఫ్ క్లచ్‌కి జత వెనక బ్రేకు. లాగుడు ఉండగానే కాలి బ్రేకుని కొద్దిగా నొక్కి ఉంచడం. ముందుకి లాగుతూ వెనక్కి పట్టుకోవడమేమిటని మొదట విడ్డూరంగా అనిపిస్తుంది. జరిగేది ఇదీ: చైనూ గేర్లూ బిగుతుగా ఉంటాయి, వదులైనప్పుడు వచ్చే కుదుపు పోతుంది. కుడి చేయి యాక్సిలరేటర్‌ని ఒకే చోట ఉంచేయొచ్చు, వేగాన్ని దిద్దే పని పాదానికి వెళ్తుంది. పైపులో నీళ్లు ఒకే ధారగా వదిలి, చివర బొటనవేలితో అదుపు చేయడం లాంటిది. ముందు బ్రేకుని మాత్రం హ్యాండిల్ తిరిగి ఉన్నంతసేపూ మరిచిపోవాలి. పాత బుల్లెట్లలో గేరు కుడికాలికీ బ్రేకు ఎడమకాలికీ ఉండేది. వాటి మీద నేర్చిన పెద్దవాళ్లు కొత్త బండి ఎక్కితే మొదటి వారం పాదం తడబడటం వింతేమీ కాదు.

ఇప్పుడు హైదరాబాద్‌ని ఎక్కువగా ఇబ్బంది పెట్టే యూటర్న్. జంక్షన్లు మూసేసి, కొంత ముందుకి పోయి తిరిగి రమ్మనే పద్ధతి ఈ నగరంలో బాగా పెరిగింది. మెట్రో పిల్లర్ల మధ్య సందులో వెనక కారు హారన్ కొడుతుండగా తిరగాలి. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లు ఇక్కడ ఒక తేడా గమనించరు. అమెరికన్ పోలీసులు కోన్ల మధ్య పెద్ద హార్లేలను బొంగరాల్లా తిప్పే వీడియోలు ఎన్నో ఉన్నాయి. అక్కడ రోడ్డుకి కుడివైపు నడుస్తారు, కాబట్టి రోడ్డు మీద యూటర్న్ అంటే ఎడమకి. మనకి కుడికి. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ శరీరానికి చాలా పెద్దది. హ్యాండిల్ పూర్తిగా కుడికి తిరిగితే కుడి చేయి నడుము దగ్గరికి ముడుచుకుంటుంది, మణికట్టు వంగుతుంది. యాక్సిలరేటర్ తెలియకుండానే కదిలిపోతుంది. ఎడమ చేయి దూరంగా సాగుతుంది. అంటే ఒక వేలు వెడల్పులో ఆడాల్సిన క్లచ్, చేయి చాచి అందుకునే చోటికి వెళ్లిపోతుంది. అన్నిటికీ మించి, బండి ఒరిగేది కుడికి. పడబోతే ఆనించాల్సింది కుడికాలు. కానీ బ్రేకు మీద ఉండాల్సింది కూడా అదే కుడికాలు. నేలకు దించితే బ్రేకు పోతుంది, వేగం తగ్గించడానికి ముందు బ్రేకే మిగులుతుంది. గేటు దగ్గరి కథ మళ్లీ మొదలు.

దీనికి విరుగుడు కూర్చునే తీరులో ఉంది. సీటు మీద కాస్త ముందుకి జరిగి, భుజాలను హ్యాండిల్‌తో పాటే తిప్పితే ఎడమ చేతికి సాగుడు తగ్గుతుంది. బండిని లోపలికి వంచి, నడుము పై భాగాన్ని బయటికి, అంటే ఎడమకి ఉంచాలి. అప్పుడు బండి ఎక్కువ వాలినా మొత్తం బరువు టైర్ల మీదే నిలుస్తుంది. గడ్డం కుడి భుజం మీదుగా వెనక్కి తిరగాలి, చూపు తిరిగి చేరాల్సిన చోటి మీద ఉండాలి. ముందు చక్రాన్నీ డివైడర్ అంచునీ చూస్తే బండి అక్కడికే పోతుంది. భయంతో తల తిప్పనివాళ్లు హ్యాండిల్ కూడా పూర్తిగా తిప్పరు. దాని ఖరీదు ఎంతో లెక్కేయొచ్చు. క్లాసిక్ 350 చక్రాల మధ్య దూరం 1390 మిల్లీమీటర్లు. హ్యాండిల్ 20 డిగ్రీలే తిప్పితే ముందు చక్రం గీసే వలయం అడ్డంగా 27 అడుగులు వస్తుంది. 35 డిగ్రీలు తిప్పితే 16 అడుగులు. కాలనీల్లో ముప్పై అడుగుల రోడ్డు మీద ఒకరు సునాయాసంగా తిరగడం, ఇంకొకరు గోడ దాకా వెళ్లి కాళ్లతో వెనక్కి నెట్టుకోవడం ఈ 15 డిగ్రీల తేడా వల్లే.

లైసెన్సు ఈ నేర్పుని అడగదు. మన దేశంలో గేరున్న మోటార్‌సైకిల్‌కి ఒకటే లైసెన్సు. వంద సీసీ బండి మీద పరీక్ష పాసైనవాడు మర్నాడు 650 కొనుక్కుని షోరూమ్ నుంచి నేరుగా రోడ్డెక్కొచ్చు, చట్టం ఏమీ అనదు. జపాన్‌లో పెద్ద మోటార్‌సైకిల్‌కి వేరే లైసెన్సు. దాని పరీక్షలో ఒంటి పలక వంతెన ఒకటుంటుంది: 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. దాన్ని పది సెకన్లకు తగ్గకుండా దాటాలి. వేగంగా పోవడం సులువు, నిదానమే పరీక్ష. గంటకు ఐదున్నర కిలోమీటర్ల లోపు అన్నమాట. టైరు పలక దిగిందా, ఇంటికి. 400 సీసీ లోపు బండ్లకైతే ఏడు సెకన్లు. ఎంత బరువైన బండో అంత నిదానం చూపించమని అడగడంలో ఉన్న తెలివి మన ఆర్టీఏ ట్రాక్‌లకి ఇంకా రాలేదు.

ఆ పలకను ఇక్కడ ఎవరైనా నేల మీద గీసుకోవచ్చు. దానికి చోటు హైదరాబాద్ రియల్ ఎస్టేటే ఇచ్చింది. శంకర్‌పల్లి, షాద్‌నగర్, ఘట్‌కేసర్ వైపు రోడ్లు వేసి ఇళ్లు ఇంకా కట్టని వెంచర్లు బోలెడు. అక్కడి వాచ్‌మన్‌ని ఒక మాట అడిగి ఆదివారం పొద్దున్నే వెళ్తే పని అయిపోతుంది. సుద్దతో 15 మీటర్ల గీతలు రెండు, గుర్తులుగా పెట్టడానికి నీళ్ల సీసాలు ఆరు, ఫోన్లో స్టాప్‌వాచ్. హెల్మెట్, చీలమండ కప్పే బూట్లు ఎలాగూ ఉండాలి. ట్యాంకు నిండుగా ఉంటే 13 లీటర్ల పెట్రోలు పది కిలోల బరువై పైన కూర్చుంటుంది కాబట్టి సగం ట్యాంకుతో వెళ్లడం మేలు. మొదట నేరుగా, ఆరు సెకన్లలో, తర్వాత ఎనిమిది, తర్వాత పది. అది కుదిరాక పెద్ద వలయాలు, ఎడమకి ముందు, కుడికి తర్వాత. వలయం చిన్నదవుతున్నకొద్దీ అంతదాకా కుదురుగా ఉన్న పాదం బ్రేకు వదిలి గాల్లోకి లేస్తుంది, దాన్ని కనిపెట్టి మళ్లీ పెట్టాలి. ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం చివరికి. అరగంటకి ఎడమ ముంజేయి పీకడం మొదలవుతుంది, అక్కడితో ఆపేయాలి. అలిసిన చేతికి ఒక వేలి వెడల్పు అందదు.

ర్యాంపుకి మాత్రం వేరే సాధన కావాలి. ఎనిమిది అడుగులకు ఒక అడుగు లేచే వాలు మీద బండీ మనిషీ కలిపి 270 కిలోలైతే వెనక్కి లాగే బలం 33 కిలోల పైమాటే. దాన్ని కాళ్లతో ఆపబోతే చెప్పులు జారతాయి. కుడిపాదం బ్రేకు మీద, ఎడమపాదం నేల మీద, క్లచ్ పట్టుకునే చోటి దాకా వదిలి, బండి ముందుకి మొగ్గినప్పుడే బ్రేకు వదలాలి. గేటు దగ్గర ఆగాల్సి వస్తుందని ముందే తెలుసు కాబట్టి ర్యాంపు పైన హ్యాండిల్ నిటారుగా ఉండగానే ఆగి, చూసుకుని, తర్వాత తిరగడం నయం. వానాకాలంలో సెల్లార్ టైళ్లు, జీబ్రా గీతల పెయింటు, మ్యాన్‌హోల్ మూతలు, డివైడర్ పక్కన పేరుకున్న ఇసుక, వీటి మీద హ్యాండిల్ తిప్పి బ్రేకు ముట్టుకోకూడదు. ఇక పండగ ముందు పత్తర్‌గట్టిలో, బేగంబజార్ సందుల్లో ఎంతటి నేర్పూ చాలదు. దిగి తోసుకుపోవడమే నామోషీ లేని పని.

ఎంత సాధన చేసినా మొదటి నెలల్లో ఒకసారైనా బండి పడొచ్చు. కాలు అడ్డం పెట్టకుండా పడనివ్వడం మంచిది, లెగ్ గార్డ్ ఉన్నదే అందుకు. ఇంజిన్ ఆపాలి. కుడివైపు పడితే లేపే ముందే సైడ్ స్టాండు తీసి ఉంచి, మొదటి గేరు వేసి ఉంచాలి, లేకపోతే లేచిన బండి అటువైపు పడిపోతుంది. పైన వేసిన లెక్క ప్రకారం అరవై డిగ్రీలు ఒరిగిన బండిని హ్యాండిల్ దగ్గర లేపడానికి 84 కిలోల బలం కావాలి. చేతులతో వంగి ఎత్తబోతే నడుము పడుతుంది. బండికి వీపు పెట్టి, సీటు అంచుకి పిరుదులు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైలు పట్టుకుని, చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు చాలావరకు పడగానే ఇంజిన్‌ని వాటంతట అవే ఆపేస్తాయి, కీ ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తేగాని స్టార్ట్ కావు. కంగారులో బ్యాటరీ పోయిందనుకుంటారు చాలామంది. చేతి లివర్లని హ్యాండిల్‌కి పట్టించే బోల్టుల్ని మరీ బిర్రుగా బిగించకుండా, గట్టిగా తోస్తే తిరిగేటంత మాత్రమే ఉంచుకుంటే పడ్డప్పుడు లివర్ విరగకుండా పక్కకి తిరుగుతుంది. చేత్తో మళ్లీ తిప్పుకుని ఇంటికి రావొచ్చు.